విదేశంలో పుట్టి అక్కడే ఉంటున్నవాళ్ళకు గోదావరి జిల్లాల్లో ఓటు ఉందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అమలాపురం దగ్గర ఊరు. బడిపంతులుగా ఉన్న రోజుల్లో బూత్ లెవల్ ఆఫీసర్ (బీఎల్‌ఓ) డ్యూటీ కూడా నా మెడకు చుట్టుకుంది. ఓటర్ల జాబితా పట్టుకుని కొబ్బరితోటల మధ్య ఇంటింటికీ తిరుగుతుంటే చాలా గుమ్మాల దగ్గర ఒకటే మాట వినపడేది. "అమ్మాయి కువైట్‌లో ఉందండీ. మనవడు అక్కడే పుట్టాడు. వాడికీ ఓటు రాస్తారా మాస్టారూ?" రిటైరయ్యాక కూడా ఆ ప్రశ్నలు ఆగలేదు. సంక్రాంతికి ఊళ్ళోకి దిగినవాళ్ళు అరుగు మీద కూర్చోబెట్టి మరీ అడుగుతున్నారు. వాళ్ళు అడిగినవీ, నేను చెప్పినవీ ఇక్కడ రాస్తున్నాను.

మా అబ్బాయి కువైట్ ఆసుపత్రిలో పుట్టాడు. వాడికి ఇక్కడ ఓటు ఎలా వస్తుంది?

పుట్టిన చోటును బట్టి ఓటు రాదు, పోదు. పౌరసత్వం ఉందా లేదా అన్నదే లెక్క. గల్ఫ్ దేశాలు అక్కడ పుట్టినంత మాత్రాన ఎవరికీ పౌరసత్వం ఇవ్వవు. కువైట్, మస్కట్, దుబాయ్, ఖతర్, ఎక్కడ పుట్టినా మన పిల్లలు మన పాస్‌పోర్టు మీదే పెరుగుతారు. కాబట్టి మీ అబ్బాయి భారత పౌరుడే. పద్దెనిమిదేళ్ళు నిండితే "విదేశీ ఓటరు"గా పేరు రాయించుకోవచ్చు. విదేశీ ఓటరు అంటే విదేశీయుడని కాదండోయ్, విదేశంలో ఉంటున్న మనవాడని. ఆ పేరు చూసి భయపడినవాళ్ళు కూడా ఉన్నారు, అందుకే చెబుతున్నాను.

ఈ హక్కు మొదటినుంచీ లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 20ఎ అనే సెక్షన్ చేర్చాక 2011 ఫిబ్రవరి నుంచి వచ్చింది. అంతకుముందు గల్ఫ్‌లో ఇరవై ఏళ్ళు కష్టపడ్డవాళ్ళకు చట్టప్రకారం ఎక్కడా ఓటు లేనట్టే. అక్కడ పరాయివాళ్ళు, ఇక్కడేమో "ఊళ్ళో ఉండటం లేదు".

భారత పౌరుడే అని ఎలా తేలుతుంది? పాస్‌పోర్టు ఉంటే చాలా?

పాస్‌పోర్టు చేతిలో ఉంటే పెద్ద గండం దాటినట్టే. కానీ ఆ పాస్‌పోర్టు రావడానికి ముందు జరగాల్సిన పని ఒకటుంది. పసిబిడ్డలు ఉన్నవాళ్ళు దీన్ని జాగ్రత్తగా చదవండి.

1955 నాటి పౌరసత్వ చట్టం పుట్టిన తేదీని బట్టి మూడు రకాలుగా చూస్తుంది. 1992 డిసెంబర్ 10కి ముందు విదేశంలో పుట్టినవాళ్ళకు, పుట్టేనాటికి తండ్రి భారత పౌరుడై ఉండాలి. తల్లి పౌరసత్వాన్ని అప్పట్లో లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఆ తేదీ నుంచి పుట్టినవాళ్ళకు తల్లిదండ్రుల్లో ఎవరు పౌరులైనా సరే. 2004 డిసెంబర్ 3 నుంచి పుట్టినవాళ్ళకు ఇంకో షరతు కలిసింది: ఏడాదిలోపు అక్కడి భారత రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి.

ఆసుపత్రి ఇచ్చిన అరబిక్ సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని "అంతా అయిపోయింది" అనుకునే దంపతులున్నారు. అయిపోలేదు. ఎంబసీలో నమోదు కాగితం వేరు. దాన్ని లామినేషన్ చేయించి, నకళ్ళు తీసి ఊళ్ళో అమ్మమ్మ దగ్గర కూడా ఒకటి ఉంచండి.

మనవరాలు అమెరికాలో పుట్టింది. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది. డబుల్ సిటిజన్‌షిప్ కదా?

కాదు. ఓసీఐకి ఆ పేరు ఎవరు పెట్టారో గాని, మన జిల్లాల్లో దానివల్ల జరిగిన గందరగోళం అంతా ఇంతా కాదు. అది వీసా లేకుండా రాకపోకలకు, ఉండటానికి పనికొచ్చే కార్డు. ఓటు హక్కు ఇవ్వదని పౌరసత్వ చట్టంలోనే రాసి ఉంది. అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డ వాళ్ళ రాజ్యాంగం ప్రకారం అమెరికా పౌరురాలు. ఆ పాస్‌పోర్టు తీసుకున్న పిల్లకు ఇక్కడ ఓటు లేదు. పాలకొల్లులో తాతగారి పేరిట ఎన్ని ఎకరాల చెరువులున్నా లేదు.

కెనడా కూడా పుట్టుకతో పౌరసత్వం ఇస్తుంది. బ్రిటన్ 1983 నుంచి, ఆస్ట్రేలియా 1986 నుంచి అలా ఇవ్వడం మానేశాయి. అక్కడ స్థిరనివాసం రాని దశలో, వర్క్ వీసా మీద ఉన్న దంపతులకు పుట్టిన పిల్లలు మామూలుగా మన పాస్‌పోర్టు మీదే ఉంటారు. అంటే అన్నదమ్ముల పిల్లల్లోనే డల్లాస్‌లో పుట్టినవాడికి ఇక్కడ ఓటు ఉండదు, లండన్‌లో పుట్టినవాడికి ఉండొచ్చు.

గ్రీన్ కార్డు వచ్చింది. ఓటు పోయిందా?

పోలేదు. గ్రీన్ కార్డు అక్కడ ఉండటానికి అనుమతి మాత్రమే. ఓటు పోయేది అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన రోజున. ఆ క్షణంతో భారత పౌరసత్వం దానంతట అదే రద్దవుతుంది. పాత పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరేళ్ళు ఉంది కదా అని దాన్ని చూపించి ఓటేయడం నేరం. "ఎవరు చూస్తారండీ" అని నాతోనే అన్నవాళ్ళున్నారు. చూసినా చూడకపోయినా తప్పు తప్పే.

ఏ ఊళ్ళో ఓటు ఇస్తారు?

ఎక్కువ చిక్కులు వచ్చేది ఇక్కడే. పాస్‌పోర్టులో ఉన్న భారతదేశపు చిరునామా ఏ బూత్ పరిధిలో ఉంటే అక్కడ ఇస్తారు. మీకు ఇష్టమైన చోట కాదు, ఇప్పుడు అమ్మానాన్న ఉంటున్న చోట కూడా కాదు.

మన దగ్గర గోదావరి పాయ ఒక్కటి దాటితే నియోజకవర్గం మారిపోతుంది. వశిష్ఠకు ఇటు సఖినేటిపల్లి రాజోలు నియోజకవర్గంలో ఉంది, పంటు ఎక్కి అటు దిగితే నరసాపురం. పుట్టిల్లు నరసాపురం, అత్తిల్లు రాజోలు అయిన అమ్మాయి పెళ్ళికి ముందు తీసుకున్న పాస్‌పోర్టుతో మస్కట్ వెళ్ళిందనుకోండి. ఓటు నరసాపురంలోనే రాస్తారు. అత్తింటివాళ్ళు ఎంత పలుకుబడి ఉన్నవాళ్ళైనా రాజోలులో రాయరు. ముందు పాస్‌పోర్టు చిరునామా మార్పించుకోవాలి.

గౌతమి ఒడ్డున యానాం ఉంది కదా. చుట్టూ ఆంధ్రే అయినా అది పుదుచ్చేరి. పాస్‌పోర్టులో యానాం అని ఉంటే దరఖాస్తు పుదుచ్చేరి వైపు అధికారికి వెళ్ళాలి, ఓటు యానాం అసెంబ్లీకి, పుదుచ్చేరి లోక్‌సభకు. ఎన్నికల తేదీ కూడా వేరు కావచ్చు. 2024లో పుదుచ్చేరిలో ఏప్రిల్ 19న పోలింగ్ జరిగితే, పక్కనే ఉన్న ముమ్మిడివరంలో మే 13న జరిగింది. విమానం టికెట్ తీసేముందు ఇది చూసుకోవాలి.

విదేశంలో పుట్టిన పిల్లలకు వచ్చే చిక్కు వేరు. వాళ్ళ పాస్‌పోర్టు ఎంబసీ ఇస్తుంది. అప్పుడు తల్లిదండ్రులు చిరునామా గడిలో కువైట్‌లోని ఫ్లాట్ నంబర్ రాసేస్తే చివరి పేజీలో అదే అచ్చవుతుంది. ఇక ఓటు ఏ ఊళ్ళో రాయాలి? రెన్యువల్ ఎప్పుడొచ్చినా ఊరి చిరునామా వేయించండి. పద్దెనిమిదేళ్ళు రావడానికి ముందే ఈ పని చేస్తే తర్వాత ఏడవక్కర్లేదు.

దరఖాస్తు ఎలా?

ఫారం 6ఎ. మామూలు ఓటర్లది ఫారం 6, పక్కన ఆ చిన్న "ఎ" మరవకండి. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో గాని, యాప్‌లో గాని నింపొచ్చు. కాగితం మీద నింపి మన నియోజకవర్గం ఓటర్ల నమోదు అధికారికి పోస్టులో పంపొచ్చు. ఫొటో, పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, చిరునామా పేజీ, వీసా పేజీ, వీటి నకళ్ళ మీద మీరే సంతకం పెట్టాలి. గెజిటెడ్ అధికారి అక్కర్లేదు. ఫీజు లేదు. "ఎన్నారై ఓటు ప్యాకేజీ" అని ఎవరైనా డబ్బులడిగితే నవ్వి ఊరుకోండి.

వయసు లెక్కకు ఏడాదిలో ఇప్పుడు నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. 2022 ఆగస్టు నుంచి ఈ పద్ధతి. మా రోజుల్లో జనవరి 1 ఒక్కటే. జనవరి 2న పుట్టినవాడు ఏడాదంతా కాచుక్కూర్చునేవాడు.

ఇక అసలు ఇబ్బంది. ఈ ఫారం తయారుచేసినవాళ్ళ మనసులో ఉన్నది ఊరి నుంచి వెళ్ళినవాడు, అక్కడే పుట్టినవాడు కాదు. పుట్టిన చోటు అని ఊరు, జిల్లా, రాష్ట్రం అడుగుతుంది. భారతదేశంలోని నివాసం ఏ తేదీ నుంచి విడిచారని అడుగుతుంది. ఎప్పుడూ ఇక్కడ కాపురం ఉండని పిల్లవాడు ఏం రాయాలి? చట్టం మాటలు కూడా ఇలాగే ఉన్నాయి: ఉద్యోగం, చదువు, "లేదా మరో కారణంగా" తన నివాసానికి దూరంగా ఉన్నవాడు అని. ఆ "మరో కారణం"లో ఈ పిల్లలు ఇముడుతారని నేననుకుంటాను. కానీ కంప్యూటర్ గడి వాదన వినదు కదా.

నేను చెప్పే ఉపాయం ఇది. ఆన్‌లైన్‌లో ఆగిపోతే అబద్ధం రాసి ముందుకు పోకండి. పుట్టిన ఊరు అమలాపురం అని రాసేస్తే పాస్‌పోర్టులోని "కువైట్"తో పొసగదు. పైగా ఓటరు జాబితా కోసం అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కాగితం మీదే ఫారం నింపి, పుట్టిన చోటు ఉన్నదున్నట్టు రాయండి. ఎంబసీలో జననం నమోదు చేయించిన కాగితం నకలు, తల్లిదండ్రుల పాస్‌పోర్టుల నకళ్ళు జతచేసి, ఒక చిన్న ఉత్తరం పెట్టి అధికారికి పంపండి. సెలవులకు వచ్చినప్పుడు స్వయంగా వెళ్ళి అసలు పాస్‌పోర్టు చూపించి ఇస్తే ఇంకా మేలు. మనిషి ఎదురుగా నిలబడితే ఫైలు కదిలే తీరు వేరు.

విచారణకు ఇంటికి వస్తారట. మేం ఇక్కడ ఉండం కదా?

మీరు ఉండక్కర్లేదు. పాస్‌పోర్టులోని చిరునామాకు బీఎల్‌ఓ వెళ్తారు, ఇంట్లో ఉన్న బంధువులను అడుగుతారు. ఎవరూ లేకపోతే కాగితాలు మీరున్న దేశంలోని మన రాయబార కార్యాలయానికి పంపి పరిశీలిస్తారు. దానికి రోజులు పడతాయి.

బీఎల్‌ఓగా నా అనుభవం చెబుతాను. ఒకింటికి వెళ్ళి "మీ మనవడు ఫలానా అబ్బాయి దోహాలో ఉంటున్నాడా" అంటే ఆ పెద్దాయన "మాకు ఆ పేరుతో ఎవరూ లేరు బాబూ" అన్నారు. ఇంట్లో చిన్నా అని పిలుస్తారు, పాస్‌పోర్టు పేరు ఆయనకు నోరు తిరగదు. పక్కింటావిడ కలగజేసుకోకపోతే ఆ దరఖాస్తు అక్కడితో సరి. తాతగారికి ముందే ఫోన్ చేసి చెప్పండి.

పాత ఓటరు కార్డు ఉంది. పేరు ఇంకా జాబితాలోనే ఉంది. 6ఎ ఎందుకు?

గుట్టు విప్పితే, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళలో ఇలాంటివాళ్ళు కొల్లలు. పండక్కి వచ్చినట్టే ఎన్నికలకు వచ్చి, పాత కార్డుతో ఓటేసి, మళ్ళీ విమానమెక్కుతారు. నాలుగు నెలలు పని మీద వెళ్ళొస్తే నివాసం పోయినట్టు కాదు, చట్టమే ఆ మాట అంటుంది. కానీ ఏళ్ళ తరబడి అకామా (అక్కడి నివాస అనుమతి) మీద అక్కడే ఉన్నవాళ్ళకు దారి 6ఎ. రెండు చోట్లా పేరు ఉండకూడదు. 6ఎ పెట్టేటప్పుడు పాత కార్డు తిరిగి ఇచ్చేయాలి. విదేశీ ఓటర్లకు కొత్త కార్డు ఇవ్వరు.

"ఉన్న కార్డు పోగొట్టుకుని పేరు మాత్రం రాయించుకోవాలా?" అని కోప్పడేవాళ్ళ బాధ నాకు తెలుసు. కానీ సవరణకు వచ్చినవాళ్ళు ఇల్లు తాళం వేసి ఉందని రాసుకుని, ఊరు వదిలి వెళ్ళిపోయారని పేరు తీసేస్తే పోలింగ్ రోజున చేసేదేమీ ఉండదు.

అబ్బాయి దుబాయ్‌లో పుట్టాడు. ఇప్పుడు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఫారం 6ఎ పెట్టాలా?

అక్కర్లేదు. వాడు ఇక్కడే ఉంటున్నాడు కాబట్టి మామూలు ఓటరే. ఫారం 6 చాలు, ఫొటో కార్డు కూడా వస్తుంది. దీన్ని చాలామంది తికమక చేసుకుంటారు. విదేశీ ఓటరు అన్నది పుట్టుకను బట్టి కాదు, ఇప్పుడున్న చోటును బట్టి.

కువైట్ నుంచే ఓటేయొచ్చా? ఫోన్‌లో అన్నీ అవుతున్నాయిగా?

కుదరదు. బూత్‌కు రావాల్సిందే. పోస్టల్ బ్యాలెట్ సైనికులకు, విదేశాల్లోని మన ఎంబసీ ఉద్యోగులకు ఉంది. వాళ్ళకు బ్యాలెట్ ఆన్‌లైన్‌లో వెళ్తుంది, నింపి పోస్టులో పంపుతారు. అదే ఎంబసీ గేటు బయట నిలబడ్డ పనివాడికి లేదు.

ప్రయత్నాలు జరగకపోలేదు. తమ బదులు ఊళ్ళో ఒకరిని పెట్టుకుని ఓటేయించే బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభలో నెగ్గింది, రాజ్యసభలో ఆగి 2019లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 2020 చివర్లో ఎన్నికల సంఘం, సైనికులకు ఉన్న పద్ధతినే వీళ్ళకూ ఇద్దామని కేంద్రానికి రాసింది. బదులు ఓటు అంటే నాకు మొదటినుంచీ అనుమానమే. ఖద్దామా (ఇంటిపని) వీసా మీద వెళ్ళిన ఆడమనిషి ఓటు చివరికి ఎవరి చేతిలోకి పోతుందో మన ఊళ్ళు తెలిసినవాళ్ళకు చెప్పాలా? పోస్టల్ పద్ధతైతే ఆమె ఓటు ఆమె దగ్గరే ఉంటుంది.

మరి ఎంతమంది వస్తున్నారు?

2024 లోక్‌సభ ఎన్నికల లెక్క: దేశం మొత్తం మీద నమోదైన విదేశీ ఓటర్లు 1,19,374. వచ్చి ఓటేసినవాళ్ళు 2,958. అందులో 2,670 మంది కేరళవాళ్ళే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది పేర్లు రాయించుకుంటే 195 మంది వచ్చారు. పాత కార్డులతో ఓటేసినవాళ్ళు ఇందులో లేరు కాబట్టి మనవాళ్ళు అసలు రాలేదని కాదు. అయినా 195!

పోలింగ్ రోజు ఏం తీసుకెళ్ళాలి?

అసలు పాస్‌పోర్టు. ఆధార్ కాదు, పాన్ కాదు, ఫోన్‌లో ఫొటో కాదు. దుబాయ్ నుంచి ఒక కుర్రాడు రాజమండ్రిలో దిగి, సామాను అక్కడ బంధువులింట్లో పెట్టి, జిరాక్స్‌తో ఊళ్ళోకి వచ్చాడు. బూత్‌లో ఒప్పుకోలేదు. పాస్‌పోర్టేమో రాజమండ్రిలో సూట్‌కేసులో ఉంది. బైక్ మీద వెళ్ళి తెచ్చేసరికి గేటు మూసేశారు. ఆ ఎండలో వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది నాకు.

జాబితాలో పేరు ఎక్కడ వెతకాలో కూడా తెలుసుకోండి. మీ బూత్ జాబితా చివర్న విదేశీ ఓటర్లకు విడిగా భాగం ఉంటుంది. ఇంటి నంబర్ వరసలో వెతికి "పేరు లేదు" అని వెనక్కి పోకండి.

పాస్‌పోర్టు కఫీల్ (అక్కడ పని ఇచ్చిన యజమాని) దగ్గర ఉంది. దరఖాస్తు కుదురుతుందా?

ఆన్‌లైన్‌లో గాని పోస్టులో గాని పెట్టడానికి నకళ్ళు చాలు. ఊరు వదిలే ముందే పాస్‌పోర్టు ప్రతి పేజీ ఫొటో తీసి ఇంట్లోవాళ్ళకు పంపి ఉంచుకోండి. ఓటుకే కాదు, అంతకంటే పెద్ద ఆపదల్లో కూడా అవే అక్కరకొస్తాయి.

అమెరికాలో పుట్టి, ఇప్పుడు కాకినాడలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. వాడికి ఎక్కడా ఓటు లేనట్టేనా?

అమెరికాలో ఉంది. విదేశాల్లో ఉన్న తమ పౌరుల ఓటు కోసం వాళ్ళకు 1986 నాటి చట్టం ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండితే, చివరిసారి ఏ రాష్ట్రంలో నివసించాడో ఆ రాష్ట్రానికి దరఖాస్తు పంపి కాకినాడ నుంచే ఓటేయొచ్చు. నెలల పిల్లాడుగా వదిలి వచ్చినా సరే. బ్యాలెట్ ఎన్నికకు 45 రోజుల ముందే పంపాలని వాళ్ళ నియమం. ఎప్పుడూ అమెరికాలో ఉండని పౌరుల సంగతి మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తల్లి లేదా తండ్రి చివరి చిరునామా మీద కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

ఫ్రాన్స్‌ది ఇంకో దారి. పుదుచ్చేరి, యానాం ప్రాంతాలు భారత్‌లో అధికారికంగా కలిసిన 1962లో అక్కడివాళ్ళకు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వీలిచ్చారు. అలా ఎంచుకున్నవాళ్ళ పిల్లలు, మనవలు ఫ్రాన్స్ మొహం చూడకపోయినా ఫ్రెంచి ఎన్నికల్లో ఓటేస్తారు. విదేశాల్లోని ఫ్రెంచివాళ్ళకు వాళ్ళ పార్లమెంటు దిగువసభలో 11 సీట్లు ప్రత్యేకంగా ఉన్నాయి. మన దేశంలో ఉన్నవాళ్ళు పదకొండో సీటు కిందకు వస్తారు. మన గల్ఫ్ పిల్లలకు అలాంటి సీటు ఒక్కటుంటే ఎలా ఉండేదో అని నాకు అనిపిస్తుంటుంది.

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు తెలియని సంగతి ఒకటుంది. కామన్వెల్త్ దేశస్థులు కాబట్టి, భారత పాస్‌పోర్టు ఉన్నా అక్కడ నివసిస్తున్నంతకాలం అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటేయొచ్చు.

మా ముత్తాత కోరంగి రేవు నుంచి ఓడెక్కి మారిషస్ వెళ్ళారట. మాకు ఓటు వస్తుందా?

రాదండీ. మీరు ఆ దేశపు పౌరులు. రండి, కోరంగి మడ అడవులు చూద్దురుగాని.

కువైట్ వదిలేసి ఊరికి వచ్చేశాం. ఏం చేయాలి?

విదేశీ ఓటరుగా ఉన్న పేరు దానంతట అదే మామూలు ఓటరుగా మారదు. తిరిగొచ్చేశామని నమోదు అధికారికి తెలిపి, ఇప్పుడుంటున్న ఇంటి చిరునామాతో ఫారం 6 పెట్టాలి. అప్పుడు ఫొటో కార్డు ఇస్తారు. ఎన్నికల నోటిఫికేషన్ దాకా ఆగొద్దు. నామినేషన్ల చివరి రోజుకు పదిరోజుల ముందే దరఖాస్తు చేరకపోతే ఆ ఎన్నికకు అందదు. సందేహముంటే ఇక్కడినుంచి 1950కి ఫోన్ చేయండి. సాయంత్రం పూటైతే మా అరుగు కూడా ఖాళీగానే ఉంటుంది.